చెవికి ఒకటి, కాగితం మీద రెండు

ప్రశ్న: నేను అనంతపురం జిల్లాలోని ఒక తహసీల్దారు కార్యాలయంలో జూనియర్ అసిస్టెంటుగా పనిచేస్తున్నాను. డిగ్రీ దాకా తెలుగు మాధ్యమంలోనే చదివాను. నోట్ ఫైళ్ళు, పై అధికారులకు పంపే లేఖలు ఇంగ్లీషులో రాయవలసి వస్తోంది. ఒకేలా వినిపించే మాటల దగ్గర తరచూ తప్పు పోతోంది. ఈ మధ్య కరువు మండలాల నివేదికలో ‘అఫెక్టెడ్’ అని ఉండవలసిన చోట ‘ఎఫెక్టెడ్’ అని రాశాను. ఒక కళాశాల ప్రిన్సిపాల్‌కు పంపిన లేఖలో ఆ మాట స్పెల్లింగే మారిపోయింది. రెండింటినీ మా సార్ ఎర్ర ఇంకుతో దిద్ది వెనక్కి పంపారు. గైడులో ఉన్న జంట పదాల పట్టిక మొత్తం బట్టీ పట్టాను. రాయడానికి కూర్చుంటే జంటలో రెండూ గుర్తొస్తాయి, ఏది ఎక్కడో గుర్తు రాదు. కంప్యూటరు కూడా తప్పు చూపించదు. వీటిని విడదీసుకునే పద్ధతి ఏదైనా ఉందా? ఆరో తరగతి చదువుతున్న మా అమ్మాయికైనా ఈ ఇబ్బంది రాకుండా ఏం చేయాలి?

సమాధానం: మీ ఇబ్బందికి మూలం ఎక్కడుందో మీ ఉత్తరంలోని ఒక వాక్యమే పట్టిస్తోంది. రెండూ గుర్తొస్తాయి, ఏది ఎక్కడో గుర్తు రాదు అన్నారు. బట్టీ పట్టిన పట్టిక చేసే పని సరిగ్గా అదే. రెండు మాటలను పక్కపక్కన పెట్టి, ఒకే గుక్కలో చదివి, ఒకే సాయంత్రం కంఠస్థం చేసినప్పుడు, వాటి మధ్య ఉన్న తేడా కంటే వాటి మధ్య ఉన్న పొత్తే మనసులో గట్టిపడుతుంది. ఆ తరువాత ఒకదాన్ని పిలిస్తే రెండోది కూడా వెంటబడి వస్తుంది. తెలుగులో ‘వేల’, ‘వేళ’ అనే మాటలను చూడండి. మాట్లాడేటప్పుడు ళకారాన్ని లకారంగా పలికేవారిలో కూడా చాలామంది ‘సాయంత్రం వేళ’ అనీ, ‘పది వేల రూపాయలు’ అనీ తడుముకోకుండా రాస్తారు. వారికి ఎవరూ జంట పదాల పట్టిక ఇవ్వలేదు. భోజనం, సాయంత్రం, పెళ్ళి వంటి మాటల పక్కన ఒకటి, అంకెల పక్కన మరొకటి ఏళ్ళ తరబడి కంటబడుతూ ఉండటం వల్ల ఏ మాటకు ఆ మాట తన చుట్టుపక్కల వాళ్ళతో కలిసి గుర్తుండిపోయింది. ఇంగ్లీషు మాటలకు కూడా అదే దారి. మాటను దాని జంటతో కాకుండా, అది నిత్యం కనబడే పదబంధంతో నేర్చుకోవాలి. మీరు రోజూ చూసే ఫైళ్ళలోనే అవి కావలసినన్ని ఉన్నాయి కనుక, ఉదాహరణలన్నీ వీలైనంత వరకు మీ కార్యాలయం నుంచే తీసుకుంటాను. ఇంగ్లీషు అక్షరాలను వాటి పేర్లతోనే చెబుతాను. పక్కన ఒక కాగితం పెట్టుకుని రాసుకుంటూ చదివితే తేలికగా ఉంటుంది.

కంప్యూటరు తప్పు ఎందుకు చూపించదన్న సందేహం సగం మాటతో తీరిపోయేదే. స్పెల్లింగు సరిచూసే సదుపాయం, మీరు రాసిన మాట దాని నిఘంటువులో ఉందా లేదా అని మాత్రమే ప్రధానంగా చూస్తుంది. మీరు తప్పుగా రాసిన మాట కూడా నిఘంటువులో ఉన్న మాటే కాబట్టి దానికి ఎర్ర గీత పడదు. వ్యాకరణం కూడా చూసే కొత్త ప్రోగ్రాములు కొన్ని చోట్ల నీలి గీత గీస్తాయి కానీ, మన కార్యాలయాల ఇంగ్లీషుకున్న ప్రత్యేకమైన వాడుక దగ్గర వాటి సలహాను నమ్మడానికి లేదు. అటువంటి చోటు ఒకటి కాసేపట్లో చూపిస్తాను.

అసలు విషయానికి ముందు ఒక విభజన చేసుకోవాలి, ఎందుకంటే గైడు పుస్తకాలు ఇది చేయవు. తెలుగువారికి ఒకేలా వినిపించే ఇంగ్లీషు మాటలు రెండు రకాలు. మొదటి రకం మాటలు ఇంగ్లీషువారికి కూడా ఒకేలా వినిపిస్తాయి. రెండో రకం మాటలు వారికి వేరువేరుగానే వినిపిస్తాయి, మన నాలుక మీదికి వచ్చాక ఒకటైపోతాయి. మొదటి రకానికి చెవి ఎంత సానబట్టినా లాభం లేదు, అర్థాన్ని బట్టి మాత్రమే స్పెల్లింగును పట్టుకోవాలి. రెండో రకానికి ఉచ్చారణ కాస్త సవరించుకుంటే స్పెల్లింగు దానంతట అదే కుదురుకుంటుంది. రెండింటికీ ఒకే మందు వేయడం వల్లనే పట్టికలు పనిచేయడం లేదు.

మొదటి రకం ఇంగ్లీషులో ఇన్ని ఎందుకున్నాయంటే, ఆ భాష రాత ఒకచోట ఆగిపోయింది, పలుకు మాత్రం ముందుకు సాగిపోయింది. ఇంగ్లండులో తొలి ముద్రాపకుడైన కాక్స్‌టన్ 1476లో లండన్ పక్కనున్న వెస్ట్‌మినిస్టర్‌లో అచ్చుయంత్రం పెట్టే నాటికి ‘నైట్’ అనే రెండు మాటలు, అంటే రాత్రి, అశ్వికయోధుడు, ఒకేలా పలికేవి కావు. యోధుడి మాటలో మొదటి ‘కె’ను కూడా పలికేవారు. మాంసం అనే ‘మీట్’కూ కలుసుకోవడం అనే ‘మీట్’కూ అచ్చుల్లో తేడా ఉండేది. ఆ తరువాత దాదాపు 1700 వరకు అచ్చుల ధ్వనులు మారుతూ పోయాయి, స్పెల్లింగులు మాత్రం ముద్రణలో పడి క్రమంగా బిగుసుకున్నాయి. 1755లో జాన్సన్ నిఘంటువు వచ్చేసరికి వాటిని కదిలించే వీలు చాలావరకు పోయింది. రాసినట్టు చదివే, చదివినట్టు రాసే తెలుగులో పెరిగిన మనం, ధ్వనిని బట్టి స్పెల్లింగు ఊహించబోయి దెబ్బతినడం మన తెలివితక్కువతనం కాదు. మన లిపి నేర్పిన మంచి అలవాటు అక్కడ చెల్లదు, అంతే.

ఇక మీ సార్ దిద్దిన మొదటి తప్పు. దీని మీద కొంచెం ఎక్కువసేపు నిలబడాలి, ఎందుకంటే రెవెన్యూ కార్యాలయంలో ఈ జంట పెట్టే ఇబ్బంది మరెక్కడా పెట్టదు. ఇంగ్లీషువారు మొదటిదాన్ని ‘అఫెక్ట్’ అనీ, రెండోదాన్ని ‘ఇఫెక్ట్’ అనీ పలుకుతారు కానీ, మొదటి అచ్చు మీద ఊనిక లేకపోవడం వల్ల వేగంగా మాట్లాడేటప్పుడు వారికి కూడా తేడా దాదాపు వినిపించదు. మనకైతే తెలుగులోకి వచ్చినది ‘ఎఫెక్ట్’ ఒక్కటే. అదే మాటతో నామవాచకం పని, క్రియ పని రెండూ చేయించుకుంటున్నాం. ‘మందు ఎఫెక్ట్ కనిపించింది’ అంటాం, ‘వానలు లేక వేరుశనగ ఎఫెక్ట్ అయింది’ అని కూడా అంటాం. ఇంగ్లీషులో మొదటి వాక్యానికి ఇ-తో మొదలయ్యే మాట కావాలి, రెండో వాక్యానికి ఏ-తో మొదలయ్యే మాట కావాలి. మీ తప్పు పుట్టింది ఇంగ్లీషు రాకపోవడం వల్ల కాదు, తెలుగులో ఆ మాట బాగా వచ్చి ఉండటం వల్ల.

మామూలుగా చెప్పే సూత్రం ఏమిటంటే, ఏ-తో మొదలయ్యేది క్రియ, ఇ-తో మొదలయ్యేది నామవాచకం. చాలా సందర్భాల్లో ఇది చెల్లుతుంది. కరువు వల్ల దెబ్బతిన్న మండలాలు, వరద వల్ల దెబ్బతిన్న గ్రామాలు, వీటిలో ఏ-తోనే రాయాలి. ‘విత్ ఎఫెక్ట్ ఫ్రమ్’ అనే తేదీ నిర్దేశంలో, ‘విత్ ఇమ్మీడియట్ ఎఫెక్ట్’ అనే ఉత్తర్వుల భాషలో, మందుల ‘సైడ్ ఎఫెక్ట్’లలో ఇ-తో రాయాలి. కానీ మీ కార్యాలయంలో ఈ సూత్రాన్ని గుడ్డిగా నమ్మితే మరో ఫైలులో తప్పుతుంది. భూమి చేతులు మారినప్పుడు రికార్డుల్లో పేరు మార్పిడి జరిపి, ‘మ్యుటేషన్ హాజ్ బీన్ ఎఫెక్టెడ్’ అని రాస్తాం కదా, అక్కడ అది క్రియ అయినా ఇ-తోనే మొదలవుతుంది. జీతంలోంచి ‘రికవరీ ఎఫెక్టెడ్’ అన్నప్పుడూ అంతే. ఇ-తో మొదలయ్యే మాట క్రియగా వచ్చినప్పుడు జరిపించడం, అమలులోకి తేవడం అని అర్థం. అదే వాక్యాన్ని ఏ-తో రాశారంటే, భూమి హక్కులు నమోదయ్యే 1-బి రికార్డులో పేరు మార్పిడి జరిగిందని కాకుండా, ఆ మార్పిడికి ఏదో దెబ్బ తగిలిందని చెప్పినట్టవుతుంది. వ్యాకరణం దిద్దే ప్రోగ్రాములు కొన్ని సందర్భాల్లో ఇక్కడే తప్పుడు సలహా ఇస్తాయి, వాటికి ఈ వాడుక అరుదుగా తగులుతుంది కనుక.

కాబట్టి క్రియా నామవాచకాల గొడవ పక్కన పెట్టి, రాయబోయే చోట తెలుగులో ఒక్క ప్రశ్న వేసుకోండి. ఇక్కడ నేను చెప్పదలచినది ‘దెబ్బతినడం, ప్రభావానికి లోనుకావడం’ అనా, లేక ‘ఫలితం, అమలు, జరిపించడం’ అనా? మొదటిదైతే ఏ, రెండోదైతే ఇ. దీనికి మూలంలో కూడా ఆధారం ఉంది. రెండు మాటలూ లాటిన్‌లో ‘చేయడం’ అనే ధాతువు నుంచే వచ్చాయి. ఒకదాని ముందు ‘వైపు, మీదికి’ అనే ఉపసర్గ ఉంది, మరొకదాని ముందు ‘బయటికి’ అనే ఉపసర్గ ఉంది. ఎగ్జిట్, ఎక్స్‌పోర్ట్ అనే మాటల్లో కనబడే ‘బయటికి’ అదే. చేయగా బయటికి వచ్చినది ఫలితం, కనుక ఇ. మన మీదికి వచ్చి పడేది ప్రభావం, కనుక ఏ.

ఆ నివేదికలోనే పొంచి ఉన్న మరో మాటను కూడా చూసుకోండి. కరువు అనే మాటను ‘డ్రౌట్’ అని పలకాలి, డి-ఆర్-ఓ-యు-జి-హెచ్-టి అని రాయాలి. ఇందులో ఓ బదులు ఏ పడితే అది ‘డ్రాఫ్ట్’ అనే వేరే మాట అవుతుంది, దానికి లాగడం అనే అర్థం ఉంది. దుక్కి దున్నే, బండి లాగే పశువులను ఆ మాటతోనే ‘డ్రాఫ్ట్ యానిమల్స్’ అంటారు. కరువు నివేదికలో పశుగ్రాసం సంగతి కూడా వస్తుంది కనుక రెండు మాటలూ ఒకే పేజీలో ఎదురుపడే అవకాశం ఉంది. లేఖకు చిత్తుప్రతి అనే ‘డ్రాఫ్ట్’, బ్యాంకు డ్రాఫ్ట్ మాత్రం ఎఫ్-టి-తో ముగుస్తాయి.

రెండో తప్పు ప్రిన్సిపాల్. ఇది పూర్తిగా మొదటి రకం. ఇంగ్లీషులో ‘ప్రిన్సిపల్’, ‘ప్రిన్సిపుల్’ రెండూ ఒకేలా వినిపిస్తాయి. ‘ప్రిన్సిపాల్ మీకు పాల్, అంటే స్నేహితుడు’ అనే చిట్కా బడుల్లో చెబుతూ ఉంటారు. అది కళాశాల అధిపతి వరకే పనిచేస్తుంది, బ్యాంకు అప్పు దగ్గర చేతులెత్తేస్తుంది. ఇక్కడ తెలుగు మనకు ఇంతకంటే మంచి సాయం చేస్తుంది. అప్పులో వడ్డీ కానిదాన్ని ‘అసలు’ అంటాం, ముఖ్యమైన కారణాన్ని ‘అసలు కారణం’ అంటాం. ఇంగ్లీషులో ఈ రెండు చోట్లా ఏ-ఎల్-తో ముగిసే ప్రిన్సిపల్ వస్తుంది. తెలుగులో ‘అసలు, ముఖ్య, ప్రధాన’ అని చెప్పగలిగిన ప్రతిచోటా, అంటే ప్రిన్సిపల్ సెక్రటరీ, ప్రిన్సిపల్ జిల్లా జడ్జి, కళాశాల ప్రిన్సిపాల్, అప్పు అసలు, ఏ-ఎల్ రాయండి. తెలుగులో ‘సూత్రం’ అనే చోట ఎల్-ఇ రాయండి. సహజ న్యాయ సూత్రాలను ఉల్లంఘించారని అప్పీళ్ళలో వచ్చేది ఎల్-ఇ. ప్రతిపాదనకు సూత్రప్రాయంగా అంగీకారం లభించిందని రాసేటప్పుడు ‘ఇన్ ప్రిన్సిపుల్’ అన్నది కూడా ఎల్-ఇ. మరో సంగతి గమనించండి. ఇంగ్లీషువారికి వినిపించని ఆ ‘ఏ’ను మనం ‘ప్రిన్సిపాల్’ అని దీర్ఘం తీసి పలుకుతున్నాం. మన ఉచ్చారణను వెక్కిరించేవారు వెక్కిరించనీయండి, ఇక్కడ అదే స్పెల్లింగును భద్రంగా దాచి ఉంచింది.

స్టేషనరీ దుకాణాల బోర్డుల్లో సగం చోట్ల ఏ-ఆర్-వై అని తప్పుగా కనబడటం మీరూ చూసే ఉంటారు. ఎన్వలప్‌లో ఇ ఉంది కనుక కాగితాల స్టేషనరీలో ఇ అనే చిట్కా అందరికీ తెలిసినదే. నాకు మాత్రం దాని చరిత్రే బాగా గుర్తుంటుంది. మధ్యయుగాల ఐరోపాలో పుస్తకాలు, కాగితాలు అమ్మేవారిలో తిరుగుతూ అమ్మేవారు కాకుండా, విశ్వవిద్యాలయాల దగ్గర ఒకచోట స్థిరంగా అంగడి పెట్టుకున్నవారిని ‘స్టేషనర్’ అన్నారు. లండన్‌లో ఆ వృత్తివారి సంఘం 1403లో ఏర్పడి, 1557లో రాజశాసనం పొందింది. బేకర్ అమ్మేచోటు బేకరీ అయినట్టే స్టేషనర్ సరుకు స్టేషనరీ, కనుక ఇ-ఆర్-వై. కదలకుండా నిలిచి ఉన్నది అనే విశేషణానికి మాత్రం ఏ-ఆర్-వై. రెండూ ఒకే కుదురు నుంచి వచ్చినవే.

ఇప్పుడు రెండో రకానికి, అంటే మన నోట ఒకటైపోయిన మాటలకు వద్దాం. వీటికి ముఖ్య కారణం ఇంగ్లీషు ‘జెడ్’ ధ్వని. తెలుగు వర్ణమాలలో దానికి నేరుగా అక్షరం లేదు. అందుకే కొన్నిచోట్ల దాన్ని ‘జ’గా, కొన్నిచోట్ల ‘స’గా మార్చుకున్నాం, అదీ ఒక పద్ధతి లేకుండా. పోగొట్టుకోవడం అనే మాట ఎల్-ఓ-ఎస్-ఇ, దాని చివర జెడ్ ధ్వని. వదులుగా ఉండటం అనే మాటలో రెండు ఓ-లు, దాని చివర స్పష్టంగా ‘స’. తెలుగులో మనం ‘చొక్కా లూజుగా ఉంది’, ‘లూజు నూనె’ అని పలుకుతాం. అంటే వదులు అనే మాటకు పోగొట్టుకోవడమనే మాట ఉచ్చారణ పెట్టుకున్నాం. ఆ తరువాత పాస్‌బుక్కు పోయిందని అర్జీ తీసుకుని నోట్ రాసేటప్పుడు చెవిలో ఉన్న ‘లూజు’ రెండు ఓ-లనే అందిస్తుంది. దీనికి చికిత్స ఉచ్చారణే. జెడ్ ధ్వని మనకు పూర్తిగా కొత్తది కాదు. ‘జొన్న’, ‘జాడ’ అనేటప్పుడు పలికే జ ‘జీవితం’లోని జ కాదు, నాలుక పళ్ళ దగ్గరికి వస్తుంది. పాత పుస్తకాల్లో దాన్ని వేరే గుర్తుతో ‘ౙ’ అని చూపేవారు. జెడ్ ధ్వనికి మన నాలుక వెళ్ళగలిగిన దగ్గరి చోటు అదే. పోగొట్టుకోవడమనే మాటను జొన్నలోని జ-తో, వదులనే మాటను ‘లూస్’ అని శుద్ధమైన స-తో, కొన్నాళ్ళు పైకి చదివి చూడండి.

ఈ స, జెడ్ తేడా పట్టుబడితే మరికొన్ని మాటలు వాటంతట అవే విడిపోతాయి. సలహా అనే నామవాచకం చివర స ధ్వని, అందుకే సి-ఇ. సలహా ఇవ్వడం అనే క్రియ చివర జెడ్ ధ్వని, అందుకే ఎస్-ఇ. పరికరం అనే ‘డివైస్’, ఉపాయం పన్నడం అనే ‘డివైజ్’ కూడా అంతే. మీ అధికారులు ఇసుక లారీలను, రేషను బియ్యాన్ని పట్టుకున్నప్పుడు ‘సీజ్’ చేశారని రాస్తారు, అది ఎస్-ఇ-ఐ-జెడ్-ఇ. ఆగిపోవడం, లేకుండా పోవడం అనే ‘సీస్’ వేరు, సి-ఇ-ఏ-ఎస్-ఇ. రెండోది మీకు పదవీకాలం ముగిసిన సందర్భాల్లో తప్ప అరుదుగా అవసరమవుతుంది.

లైసెన్సు, ప్రాక్టీసు అనే మాటల దగ్గర మాత్రం చెవి సాయం చేయదు. బ్రిటిష్ పద్ధతిలో నామవాచకానికి సి-ఇ, క్రియకు ఎస్-ఇ రాస్తారు కానీ పలకడంలో తేడా లేదు. సలహా మాటల నమూనానే ఇక్కడా గుర్తు తెచ్చుకోవడం ఒక్కటే దారి. అమెరికన్ పద్ధతిలో లైసెన్సుకు అన్ని చోట్లా ఎస్-ఇ, ప్రాక్టీసుకు అన్ని చోట్లా సి-ఇ. మన చట్టాలు బ్రిటిష్ పద్ధతినే అనుసరిస్తాయి. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో డ్రైవింగ్ లైసెన్సు అనే మాట సి-ఇ-తోనే ఉంటుంది, లైసెన్సింగ్ అథారిటీ అనేచోట ఎస్ వస్తుంది. మీ కంప్యూటరులో భాష అమెరికన్ ఇంగ్లీషుగా అమర్చి ఉంటే ఇది గందరగోళం పెడుతుంది కనుక, దాన్ని ఇండియా ఇంగ్లీషుకో బ్రిటిష్ ఇంగ్లీషుకో మార్చమని మీ కార్యాలయంలో తెలిసినవారిని అడగండి.

మీ ఫైళ్ళలో తగిలే మరికొన్నింటిని పేరు పేరునా చెబుతాను. వారసుల ధ్రువపత్రాన్ని అందరూ ‘లీగల్ హెయిర్ సర్టిఫికెట్’ అంటారు. వారసుడు అనే మాటలో మొదటి హెచ్ పలకదు, ‘అవర్’, ‘ఆనర్’ మాటల్లో పలకనట్టే. దాన్ని ‘ఎయిర్’ అనాలి, హెచ్-ఇ-ఐ-ఆర్ అని రాయాలి. హెచ్-ఏ-ఐ-ఆర్ అని రాస్తే అర్జీదారు చట్టబద్ధమైన వెంట్రుకకు ధ్రువపత్రం అడిగినట్టు అవుతుంది. రుణమాఫీకి ‘వేవర్’ అనే మాటలో ఏ తరువాత ఐ ఉంటుంది. 2008లో కేంద్రం ప్రకటించిన వ్యవసాయ రుణమాఫీ పథకం పేరులో ఉన్నది ఆ మాటే. ఐ లేని మాటకు ఊగిసలాడటం అని అర్థం. ఇళ్ళ స్థలాల పట్టాల్లోని ‘సైటు’ ఎస్-ఐ-టి-ఇ. ‘కళ్ళకు సైటు వచ్చింది’ అంటామే, ఆ చూపు ఎస్-ఐ-జి-హెచ్-టి. కోర్టు తీర్పును ఉదహరించడం సి-ఐ-టి-ఇ, సైటేషన్ అనే మాటను తలచుకుంటే సి గుర్తొస్తుంది. ‘పర్సనల్’, ‘పర్సనెల్’ అనే మాటలను ఇంగ్లీషులో వేరుగానే పలుకుతారు. సిబ్బంది అనే రెండోదానికి ఊనిక చివరి ‘నెల్’ మీద పడుతుంది, అందులో రెండు ఎన్‌లు.

కౌన్సిల్ మాట దగ్గర కొంచెం ఆగాలి. సభ్యులు కూర్చునే సభ అయితే సి-ఐ-ఎల్. మున్సిపల్ కౌన్సిల్ అదే, 1958లో ఏర్పడి 1985లో రద్దయి 2007లో తిరిగి ప్రాణం పోసుకున్న ఆంధ్రప్రదేశ్ శాసనమండలి అదే. సలహా ఇవ్వడం, వాదించడం అయితే ఎస్-ఇ-ఎల్. పిటిషనరు తరఫు న్యాయవాదిని కౌంటరు అఫిడవిట్లలో ఆ మాటతోనే రాస్తారు. ఇంజినీరింగు సీట్ల కోసం పిల్లలు వెళ్ళేది కూడా ఎస్-ఇ తరహా కౌన్సెలింగే. దాన్ని ‘కౌన్సిలింగ్’ అని పలకడం మనకు బాగా అలవాటైపోయింది, తప్పు అక్కడే మొదలవుతోంది. పురపాలక సంఘం సభ్యుడు సి-ఐ, మానసిక వైద్యశాలలో మాట్లాడే నిపుణుడు ఎస్-ఇ.

ఇట్స్ అనే మాటలో కొమ్ము గుర్తు, అంటే అపాస్ట్రఫీ, పెట్టాలా వద్దా, దేర్ అనే మాటల్లో ఏది రాయాలి అనే బాధ మీకు చాలావరకు అక్కరలేదు. ఈ మాటల్లో కొమ్ము పెట్టిన రూపాలన్నీ రెండు మాటలను కుదించినవి, అటువంటి కుదింపులు కార్యాలయ లేఖల్లో వాడరు. కనుక మీ లేఖలో ఇట్స్ వచ్చిందంటే అది ‘దాని’ అనే అర్థంలోనే వచ్చి ఉండాలి, దానికి కొమ్ము ఉండదు. ‘వారి’ అనే దేర్‌లో ఐ ఉంటుంది, ‘అక్కడ’ అనే దేర్, ‘ఇక్కడ’ అనే ‘హియర్’ లాగే ఆర్-ఇ-తో ముగుస్తుంది.

పద్ధతి సంగతి అడిగారు. ఒక చిన్న నోటుపుస్తకం తీసుకుని, మీ సార్ ఎర్ర ఇంకుతో దిద్దిన మాటలను మాత్రమే అందులోకి ఎక్కించండి. గైడులోని మిగతా జంటలు మీకు అడ్డు రాకపోతే వాటి జోలికి వెళ్ళనవసరం లేదు. ఒక పేజీలో ఒకే మాట ఉండాలి, దాని జంట ఆ పేజీలో కనబడకూడదు. ఆ మాటను ఒంటరిగా రాయకుండా, మీ కార్యాలయానికి వచ్చే ఉత్తర్వుల్లోంచి, పాత ఫైళ్ళలోంచి, అది ఉన్న పదబంధాలను చేత్తో రాసుకోండి. ఏ-తో మొదలయ్యే అఫెక్ట్ పేజీలో కరువు మండలాలు, వరద గ్రామాలు, దెబ్బతిన్న పంటలు ఉంటాయి. అది మీ చేతికి అలవాటైపోయిందని అనిపించాక, కొన్ని వారాల తరువాత, ఇ-తో మొదలయ్యే మాటకు వేరే పేజీ తెరవండి. ఆలస్యమవుతుందని తొందరపడి రెండింటినీ ఒకేరోజు మొదలుపెట్టారంటే మళ్ళీ పట్టిక దగ్గరికే తిరిగి వస్తారు.

అవి స్థిరపడేలోగా ఫైళ్ళు ఆగవు కనుక, లేఖ పూర్తయ్యాక కంప్యూటరులోని వెతికే సదుపాయాన్ని వాడుకోండి. మీరు తడబడే మాటలోని ఉమ్మడి భాగాన్ని, ఉదాహరణకు ‘ఎఫ్-ఎఫ్-ఇ-సి-టి’ అనే అక్షరాలను కొట్టి వెతికితే, అఫెక్ట్, ఎఫెక్ట్ అన్నీ ఒక్కొక్కటే కళ్ళ ముందుకు వస్తాయి. ప్రతిదాని దగ్గర పైన చెప్పిన తెలుగు ప్రశ్న వేసుకుని ముందుకు వెళ్ళండి. రాసేటప్పుడు మనసు విషయం మీద ఉంటుంది కాబట్టి అప్పుడే స్పెల్లింగును కూడా పట్టుకోవాలని చూడటం కంటే, రాసిన తరువాత ఇలా ఒక్కసారి జల్లెడ పట్టడం తేలిక.

ఇక మీ అమ్మాయి. ఆరో తరగతి పిల్లకు ఈ జంటల గురించి ప్రత్యేకంగా చెప్పవలసిన పనే లేదు, చెబితేనే లేని అనుమానం పుడుతుంది. ఇంట్లో డిక్టేషన్ చెప్పేటప్పుడు విడి మాటలు కాకుండా చిన్న వాక్యాలు చెప్పండి. ‘బ్రేక్’ అని ఒక్క మాట చెప్పి రాయమంటే ఏ పిల్లా సరిగా రాయలేదు, అందులో పిల్ల తప్పేమీ లేదు. బండి ఆపే బ్రేకులున్న వాక్యం ఒకరోజు చెప్పండి. రోడ్డు మీద వాహనాలు తనిఖీ చేసే అధికారిని మనవాళ్ళు బ్రేక్ ఇన్‌స్పెక్టరు అని ఎందుకంటారో చెబితే కె-ఇ గుర్తుండిపోతుంది. తిరుమల బ్రేక్ దర్శనంలోని విరామాన్ని ఇంకో వారం చెప్పండి. తప్పు రాస్తే ఆ మాట పక్కనే ఒప్పు మాట రాసి రెండూ చూపించకుండా, మొత్తం వాక్యాన్ని సరిగా మళ్ళీ రాయించండి. పైకి చదివేటప్పుడు మాత్రం ధర అనే ‘ప్రైస్’, బహుమతి అనే ‘ప్రైజ్’ వంటి చోట్ల స, జెడ్ ధ్వనులు వేరుగా పలుకుతోందో లేదో వినండి. ఆ వయసులో నాలుక సులువుగా తిరుగుతుంది. మీ దగ్గరున్న గైడు పుస్తకాన్ని ఇప్పుడే ఆ అమ్మాయి చేతికి ఇవ్వకండి. పోటీ పరీక్షలకు కూర్చునే వయసు వచ్చినప్పుడు, అప్పటికే తెలిసిన మాటలను సరిచూసుకోవడానికి అది బాగానే పనికొస్తుంది.